పెద్దవాళ్ళకు కెమెరా ఎంచుకోవడం – 4వ పాఠం: గడియారం సెల్లు, పెట్టె మీది జూమ్

ఈసారి జూమ్ ముగించి చేతిపట్టు సంగతి మొదలుపెట్టాలనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి కెమెరా తెచ్చుకున్నవాళ్ళలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. అది తేలకుండా ముందుకు వెళ్ళడం కుదరదు.

పల్లెలో ఉండే పెద్దవాళ్ళకు పెన్సిల్ సెల్లు, అంటే ఏఏ సైజు సెల్లు వేసుకునే కెమెరా చూడమని పోయినసారి చెప్పాను. కంపెనీ వాళ్ళు ప్రత్యేకంగా చేసిన లిథియం బ్యాటరీ ఉన్న కెమెరా అయితే, ఛార్జర్ పోయిందంటే కెమెరా పోయినట్టే. నాలుగేళ్ళకు ఆ బ్యాటరీ నీరసిస్తే అదే నంబరుది వెతుక్కుంటూ కాకినాడో రాజమండ్రో తిరగాలి. పెన్సిల్ సెల్లయితే లంక గ్రామంలో కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది.

చిక్కంతా ఆ కిరాణా కొట్లోనే వచ్చింది. రాజోలు వైపు ఒకావిడ పెదనాన్నగారికి కెమెరా తెచ్చి, వీధి చివర కొట్లో రెండు సెల్లు కొని వేసింది. మీట నొక్కగానే లెన్సు సగం బయటికొచ్చి ఆగిపోయింది. బ్యాటరీ అయిపోయిందని తెర మీద ఒక్క క్షణం కనబడి మాయమైంది. కొత్త సెల్లు కదా, ఎలా అయిపోతాయి? ఇంకో జత వేస్తే ఒక ఫొటో పడింది, రెండోది పడలేదు. "నేనే ఏదో తప్పు నొక్కి పాడుచేశానమ్మా" అని పెదనాన్నగారు దాన్ని కవరుతో సహా బీరువాలో పెట్టేశారు. నరసాపురం, ముమ్మిడివరం వైపు నుంచీ ఇదే కథ చెప్పారు.

ఆ సెల్లు కొత్తవే, మంచివే. కానీ అవి గోడ గడియారానికి, టీవీ రిమోట్‌కి పనికొచ్చే జింక్ కార్బన్ సెల్లు. గడియారం ఏడాదంతా కొంచెం కొంచెంగా తీసుకుంటుంది. కెమెరా అలా కాదు. లెన్సును ముందుకు తోసే మోటారు, వెనక తెర, ఫ్లాష్‌ను నింపే సర్క్యూట్ కలిసి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. జింక్ కార్బన్ సెల్లు లోపలి నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, ఎక్కువ కాబట్టి, అంత లాగేసరికి వోల్టేజ్ ధబాలున పడిపోతుంది. అది చూసి కెమెరా సెల్లు ఖాళీ అనుకుని ఆగిపోతుంది. అనుమానముంటే అవే సెల్లు తీసి గడియారంలో వేయండి, నెలల తరబడి తిరుగుతుంది.

అత్యవసరానికి ఆల్కలైన్ సెల్లు వాడండి. సెల్లు మీద ఆ మాట రాసే ఉంటుంది, హెవీ డ్యూటీ అని రాసి ఉన్నవి అవి కావు. రోజువారీకి ఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు కొనండి. వాటి మీద 1.5 బదులు 1.2 వోల్టులని ఉంటుంది. తక్కువ కదా అని టెన్షన్ పడకండి. కెమెరా గట్టిగా లాగినా ఆ 1.2 దాదాపు అలాగే నిలుస్తుంది, అదే మనకు కావలసింది. కొన్ని కెమెరాల మెనూలో ఏ రకం సెల్లు వేశామో చెప్పే వరుస ఉంటుంది, అక్కడ సరిచేయకపోతే బ్యాటరీ గుర్తు తొందరగా ఎర్రబడుతుంది.

ఇందులోనూ రెండు రకాలు. పాత రకం సెల్లు ఛార్జ్ చేసి పక్కన పెడితే వాడకపోయినా ఆ ఛార్జ్ తగ్గిపోతూ ఉంటుంది. సంక్రాంతికి నింపి పెట్టిన సెల్లు శ్రీరామనవమికి పనిచేయవు. మన పెద్దవాళ్ళు కెమెరా తీసేది పండగకీ పబ్బానికీ, మనవలు వచ్చినప్పుడూ. అందుకని ఛార్జ్ నిలుపుకునే రకమే కొనాలి. సాన్యో కంపెనీ 2005లో ఎనెలూప్ పేరుతో తెచ్చింది ఆ రకమే, తర్వాత మిగతా కంపెనీలూ తెచ్చాయి. ముందే ఛార్జ్ చేసి అమ్ముతున్నామని ప్యాకెట్ మీద రాసి ఉంటే అదే రకమని గుర్తు. నాలుగు సెల్లు కొనండి. రెండు కెమెరాలో, రెండు డబ్బాలో. కొత్తదీ పాతదీ కలిపి వేయకూడదని పెద్దవాళ్ళకు చెప్పి ఊరుకుంటే గుర్తుండదు. నేనైతే ఒక జతకు ఎర్ర గోళ్ళరంగు చుక్క, ఇంకో జతకు నీలం చుక్క పెడతాను. ప్లస్ వైపు పెడితే ఎటు వేయాలో కూడా తెలుస్తుంది.

సెకండ్‌హ్యాండ్ కెమెరా చూసేటప్పుడు ముందు సెల్లు వేసే మూత తెరవండి. లోపలి రేకుల మీద తెల్లటి పొడో పచ్చటి చిలుమో ఉంటే పక్కన పెట్టేయండి. మూత కొక్కెం విరిగి రబ్బరుబ్యాండుతో నిలబెట్టినది ఎంత చవకైనా వద్దు. ఈ రకం కెమెరాల్లో ముందు విరిగేది అదే. ఇటీవలి వాటిలో కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్ 45 రెండు ఏఏ సెల్లతో నడుస్తుంది. 16 మెగాపిక్సెల్, లెన్సు జూమ్ 4 రెట్లు. నాకు నచ్చేది ఆ తరహా.

పెదనాన్నగారు బీరువాలో పెట్టేశారని చెప్పాను కదా, ఈ పాఠాలన్నీ దాని కోసమే. మనకు ఫోను మొరాయిస్తే ఫోనును తిడతాం. పెద్దవాళ్ళు తమకే చేతకాలేదనుకుంటారు, ఇక దాని జోలికి వెళ్ళరు. అందుకే మొదటి రోజు ఎక్కడెక్కడ ఎదురుతిరుగుతుందో కొనేముందే చూసుకోవాలి.

అలా ఎదురుతిరిగే రెండోది జూమ్.

పెట్టె మీద 20 రెట్లని, 24 రెట్లని పెద్ద అక్షరాల్లో వేస్తారు. కొట్టువాడు కూడా ముందు అదే చూపిస్తాడు. వెనక చిన్న అక్షరాలు చదవండి. ఆప్టికల్ 5, డిజిటల్ 4 అని ఉంటుంది, రెండూ గుణించి 20 చేశారు. ఆప్టికల్ అంటే లెన్సులోని అద్దాలు కదిలి దృశ్యాన్ని నిజంగా దగ్గరికి తేవడం. డిజిటల్ అంటే ఫొటో మధ్యలో ముక్క కోసి, సాగదీసి చూపడం.

ఎంత ముక్కో లెక్క వేద్దాం. 16 మెగాపిక్సెల్ అంటే కోటీ అరవై లక్షల చుక్కలు. 4 రెట్ల డిజిటల్ జూమ్‌లో అడ్డంగా నాలుగోవంతు, నిలువుగా నాలుగోవంతు మిగులుతుంది. అంటే పదహారో వంతు, 10 లక్షల చుక్కలు. స్టూడియోలో 4×6 సైజు ప్రింటు అంగుళానికి 300 చుక్కల చొప్పున శుభ్రంగా రావాలంటే 1800×1200, అంటే 21 లక్షల 60 వేల చుక్కలు కావాలి. అందులో సగం కూడా లేవు. మిగతావి కెమెరా ఊహించి పూడుస్తుంది.

కనుమనాడు కోనసీమలో జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం తలుచుకోండి. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ దాటుతుంటే మావయ్యగారు ఇవతలి గట్టు మీద నిలబడి జూమ్ మీటను ఆ చివరిదాకా నొక్కి పట్టుకుంటారు. తెర మీద జూమ్ గీత సగానికొచ్చి ఒక్క క్షణం ఆగుతుంది. లెన్సు పని అక్కడితో సరి. ఆయన వేలు తీయరు కాబట్టి గీత మళ్ళీ కదులుతుంది, అక్కడి నుంచి కోసిన ముక్కే. పైగా జూమ్ పెరిగేకొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదై కనిపిస్తుంది. తెర చిన్నది, ఎండ మెరుపు, కాబట్టి అక్కడ బాగానే కనబడుతుంది. ప్రింటు చేతికొచ్చాక ప్రభ మీది రంగుబట్టలు అలికినట్టు, మోసేవాళ్ళ ముఖాలు పోల్చుకోలేనట్టు ఉంటాయి. మళ్ళీ కనుమ దాకా ఆగాలి. ఆ బాధ్యత ఆయనది కాదు, ఆ మీటను అలా వదిలేసి కెమెరా చేతికిచ్చినవాళ్ళది.

కాబట్టి కొట్లో ఉండగానే మెనూలోకి వెళ్ళి డిజిటల్ జూమ్ ఆపేయండి. ఆపే వీలు లేని కెమెరా కొనకండి. ఆపాక మీట ఎంతసేపు నొక్కినా లెన్సు హద్దు దగ్గర ఆగాలి, మీరే నొక్కి చూడండి. అలాగని 30 రెట్ల ఆప్టికల్ ఉన్న పెద్ద కెమెరా తేవద్దు, ఆ చివర వణుకు లేకుండా పట్టుకోవడం కుర్రాళ్ళకే కష్టం. 4, 5 రెట్లు చాలు. నన్నడిగితే జూమ్ కంటే వెడల్పు ముఖ్యం. లెన్సు చుట్టూనో పెట్టె మీదో 35 ఎంఎం ఫిల్ము లెక్కలో ఇచ్చిన లెన్సు కొలతలో మొదటి అంకె 25 నుంచి 28 మిల్లీమీటర్ల మధ్య ఉంటే, ఇరుకైన వసారాలో కూడా చాప మీద కూర్చున్న కుటుంబమంతా ఒక్క ఫొటోలో పడతారు. 35 అయితే వెనక్కి జరుగుతూ జరుగుతూ మెట్ల మీద నుంచి పడే ప్రమాదముంది.

మెమరీ కార్డు 8 జీబీ గానీ 16 జీబీ గానీ తీసుకోండి. 32 దాటితే పాత కెమెరాలు చదవవు. కార్డు పక్కనున్న చిన్న తెల్ల మీట కిందికి జరిగితే ఫొటోలు పడవు, దాన్ని పైకి జరిపి సన్నటి టేపు అంటించండి. కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచవద్దు. మన కాలువగట్ల తేమకు లెన్సు లోపల బూజు పడుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో, తేమ పీల్చే సిలికాజెల్ పొట్లాలతో పెడితే చాలు.

అభ్యాసం. కొనకముందే చేయాలి, ఒక్క పూటలో అయ్యేది కాదు. తెలిసినవాళ్ళ దగ్గర రెండు వేర్వేరు కెమెరాలు అడిగి తెచ్చుకోండి. పెద్దాయననో పెద్దావిడనో మిట్టమధ్యాహ్నం రేవుకు తీసుకెళ్ళండి. ఆన్ చేయడం, అవతలి గట్టు నుంచి వస్తున్న పంటును, అంటే రేవు దాటించే పెద్ద పడవను, ఫొటో తీయడం, తీసినది చూడటం, ఆపేయడం, ఈ నాలుగూ ఒక్కసారి చేసి చూపించి ఊరుకోండి. ఆ తర్వాత మీరు నోరు తెరవకూడదు, చెయ్యి చాపకూడదు. వేలు ఎక్కడ తడబడిందో, కళ్ళజోడు ఎప్పుడు తీశారో, ఏ బొత్తాం కోసం కెమెరాను తిప్పి చూశారో కాగితం మీద రాసుకోండి. అదే పని రాత్రి ట్యూబ్‌లైటు కింద చేయించండి. మర్నాడు ఏమీ గుర్తుచేయకుండా మళ్ళీ చేయించండి. రెండో కెమెరాతో మొత్తం మొదటి నుంచి.

తర్వాత అదే పంటును మీరు లెన్సు జూమ్ చివర ఒకసారి, డిజిటల్ జూమ్ చివర ఒకసారి తీసి, స్టూడియోలో 4×6 ప్రింట్లు వేయించండి. ఏది ఏదో చెప్పకుండా ఆయన చేతికిచ్చి, ఏది గోడకు పెట్టించుకుంటారో అడగండి. ఆ ప్రింట్లూ మీరు రాసుకున్న కాగితమూ పారేయకండి. చేతిపట్టు పాఠంలో రెండూ ఎదురుగా పెట్టుకునే పని చేయాలి.