కౌమార పిల్లలకు మాటతీరు నేర్పడం – 4వ పాఠం: ‘కాన్ఫిడెంట్‌గా చెప్పు’ అనకండి

పోయిన పాఠంలో ‘వద్దు’ అని చెప్పడం మీద రోల్‌ప్లే, అంటే ఆ సన్నివేశాన్ని పిల్లలే నటించి చూపడం, చేయించమన్నాను. చేయించిన టీచర్లలో చాలామందికి ఒకే అనుభవం: క్లాసంతా నవ్వులు, ముందుకొచ్చిన పిల్లాడు రెండు ముక్కలు చెప్పేసి సీట్లోకి పరుగు. పిల్లల్ని తప్పు పట్టకండి. ఈ వయసులో అందరూ తననే చూస్తున్నారన్న భావన గట్టిగా ఉంటుంది, డేవిడ్ ఎల్కిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లోనే దీన్ని ‘ఊహాజనిత ప్రేక్షకులు’ అన్నాడు. అలాంటి పిల్లాడి ముందు మనం నిజం ప్రేక్షకుల్నే కూర్చోబెట్టాం.

అందుకే ఈసారి ముందు మీరే చేసి చూపించండి. తడబడినా మంచిదే, తడబడి మళ్లీ అందుకోవడం వాళ్లు చూడాలి. తర్వాత ఇద్దరిద్దరు చొప్పున క్లాసంతా ఒకేసారి చెయ్యాలి, చూసేవాళ్లు ఉండకూడదు. క్లాసులో నిజంగా జరిగిన గొడవను మాత్రం తీసుకోకండి, పేర్లు మార్చినా పిల్లలు పట్టేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. ‘కాన్ఫిడెంట్‌గా చెప్పు’ అనే మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ఒకసారి పద్నాలుగేళ్ల అమ్మాయి, పక్కమ్మాయి హోంవర్క్ అడిగే సీను చేస్తోంది. పెన్ను క్యాప్ తీస్తూ పెడుతూ, నేల చూస్తూ, “అంటే... నేనింకా పూర్తి చెయ్యలేదు...” అంది. ‘గట్టిగా చెప్పమ్మా’ అన్నాను, అరిచేసింది, అవతలి అమ్మాయి మొహం చిన్నబోయింది. అప్పుడు మాట మార్చాను: పెన్ను బల్ల మీద పెట్టు, మొదటి మాటే ‘ఇవ్వను’ అను, కారణం ఒక్కటే చెప్పి ఆగు. నాలుగోసారికి, “ఇవ్వనే. రాత్రంతా కూర్చుని చేశాను. కావాలంటే ఆ లెక్క ఎలా చెయ్యాలో చెప్తా” అంది. గొంతు చిన్నగానే ఉంది. ఉండనివ్వండి, పని జరిగింది.

మీరు చెప్పేది కంటికి కనిపించాలి, లేదా చెవికి వినిపించాలి. ‘మర్యాదగా మాట్లాడు’ అంటే పిల్లాడికి ఏం చెయ్యాలో తెలియదు, ‘అతను మాట పూర్తి చేసేదాకా ఆగు’ అంటే తెలుస్తుంది. ‘సరిగ్గా విను’ కాదు, ‘ఆమె చెప్పింది నీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పు’. ఇక ‘కోపం తగ్గించుకో’ అన్నింటికన్నా ఘోరం, కోపం వచ్చిందని వాడికి మనకన్నా బాగా తెలుసు. ‘రెండడుగులు వెనక్కి వెయ్యి, ఊపిరి మెల్లగా వదులు, ఇప్పుడు మాట్లాడలేను, ఇంటర్వెల్లో మాట్లాడతా అను’ అని చెప్పండి. మెచ్చుకోలు కూడా అంతే, ‘వెరీ గుడ్’ అనే బదులు ‘కారణం ఒక్కటే చెప్పి ఆగావు, బాగుంది’ అనండి.

కళ్లలోకి చూడమని మాత్రం బలవంతపెట్టకండి. కొందరికి అది నిజంగా కష్టం, మొహం అవతలివాళ్ల వైపు తిప్పి ఉంటే చాలు.

అభ్యాసం పిల్లలకు కాదు, మీకు. వారం రోజులు క్లాసులో మీ నోటి నుంచి వచ్చిన ఇలాంటి సలహాలు రోజుకు ఐదు రాసుకోండి, చూడలేనిది, వినలేనిది ప్రతిదీ కొట్టేసి తిరగరాయండి. ఐదో రోజు దాకా దాదాపు అన్నీ కొట్టేస్తారు, ఆపకండి.

వచ్చే పాఠంలో, ‘వద్దు’ అన్నాక స్నేహితుడు మాట్లాడటం మానేస్తే పిల్లాడు ఏం చెయ్యాలో చూద్దాం.