ఒడిశా మండీలో చోళ్లు అమ్మాలంటే: సరిహద్దు జిల్లాల తెలుగు రైతులకు దరఖాస్తు విధానం

రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల మెట్ట పొలాల్లో వాన ముఖం చాటేసినా చోడి, అంటే రాగి పంట, నిలబడుతుంది. చిక్కంతా అమ్మకంలోనే. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన మిల్లెట్స్ మిషన్, ఇప్పటి శ్రీఅన్న అభియాన్, కింద రాగులను మద్దతు ధరకు కొంటున్నారు. 2025-26కు కేంద్రం ప్రకటించిన ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. పది క్వింటాళ్లు తూగితే 48,860. ముందే పేరు నమోదు చేసుకున్న రైతు దగ్గరే కొంటారు కాబట్టి కోతల దాకా ఆగకండి.

నమోదు గడువు ఏటా ప్రకటిస్తారు. వానాకాలం ముగిసేలోపే బ్లాకు వ్యవసాయ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మేలు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫోను నంబరు, భూమి పట్టా పట్టుకెళ్లండి. పట్టా నకలు ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో దొరుకుతుంది. పొలం ఒడిశాలో ఉండాలి. ఆంధ్రలో, పార్వతీపురం వైపున్న పొలం చెక్క ఇక్కడ లెక్కకు రాదు. కౌలుకు చేసేవారు యజమాని అంగీకార పత్రం ఏ నమూనాలో కావాలో ముందే అడగాలి.

మన వాళ్లకు అసలు తలనొప్పి పేర్ల దగ్గర. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా రికార్డుల్లో అది చివర ఉంటుంది. ఆధార్‌లో ఒకలా, పట్టాలో ఇంకోలా, పాస్‌బుక్‌లో పొడి అక్షరాలతో మరోలా ఉంటే మూడూ ఒకరివేనని కంప్యూటర్ ఒప్పుకోదు. పట్టా ఇంకా తాతగారి పేరునే ఉంటే సంగతి మరీ ముదురుతుంది. అందుకే వేసవిలోనే తహసీల్దారు కార్యాలయంలో పట్టాలో పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టండి. నమోదు వేళ పరుగులు పెట్టి సాధించేది ఉండదు. పాస్‌బుక్‌లో పేరు సరిచేయించడం కాస్త సులువు, దానితో మొదలుపెట్టవచ్చు.

పేరు నమోదయ్యాక, మండీ తేదీ తెలిశాకే బస్తాలు బండికెక్కించండి. కొనేది గిరిజన అభివృద్ధి సహకార సంస్థ. గింజలో తేమ 12 శాతం దాటకూడదు. నూర్చిన చోళ్లను నేల మీద కాకుండా టార్పాలిన్ మీద ఎండబెట్టి, తూర్పారబట్టి, జల్లించి తీసుకెళ్తే వెనక్కి పంపే సాకు ఉండదు.

డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. చాలాకాలంగా వాడని ఖాతా అయితే అది నడుస్తోందో లేదో ముందే చూసుకోండి. తూకం కాగానే రసీదులోని బరువు, ఖాతా నంబరు అక్కడే సరిచూసుకుని, డబ్బు జమయ్యే దాకా ఆ రసీదు దాచండి.