బేస్‌బాల్ డ్రాఫ్ట్ జోస్యం – నాలుగో పాఠం: పేరు కన్నా ముందు పర్సు

డ్రాఫ్ట్ అంటే అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ టీమ్‌లు ఏటా హైస్కూల్, కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకోవడం. ఎవరు ఏ టీమ్‌కి పోతారో ముందే ఊహించడం మన పని. గత పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు. ఒకడు ఫస్ట్ బేస్‌మన్ (ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డర్), స్కౌట్లు వాడే 20–80 స్కేలు మీద (50 అంటే సగటు) హిట్టింగ్ 50, పవర్ 60. ఇంకొకడు షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డర్), హిట్టింగ్ 50, పవర్ 45. ఎవరు ముందు పోతారు? మామూలుగా అయితే షార్ట్‌స్టాపే. రేపు ఆ స్థానంలో నిలదొక్కుకోలేకపోయినా అతన్ని సెకండ్ బేస్‌కో, థర్డ్ బేస్‌కో, అవుట్‌ఫీల్డ్‌కో జరపొచ్చు. ఫస్ట్ బేస్‌మన్ బ్యాటు ఆడకపోతే జరపడానికి ఇక చోటే లేదు. మొదటివాడికి ఓటేసినవాళ్లు స్కేలు సరిగ్గానే చదివారు, స్థానం సంగతి వదిలేశారు.

ఇంతవరకూ ఆటగాణ్ని చూడటం నేర్చుకున్నాం. ఈసారి ఆటగాణ్ని కాసేపు పక్కన పెట్టి టీమ్ జేబు చూద్దాం. మన టీమ్ ఎవర్ని తీసుకుంటుందో ఊహించడంలో సగానికి పైగా పని ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కుర్రాళ్ల వీడియోలు వంద చూసి, టీమ్ డబ్బు లెక్క ఒక్కసారి కూడా వేయనివాళ్లు ప్రతి జులైలోనూ "అదేంటి, వాణ్ణెందుకు తీసుకున్నారు" అని తల పట్టుకుంటారు.

పూల్ ఎలా పనిచేస్తుంది

ఐపీఎల్ వేలం చూసేవాళ్లకి పర్సు గురించి చెప్పక్కర్లేదు. ఇక్కడా పర్సు ఉంది, దాని పేరు బోనస్ పూల్. కానీ వేలం లేదు. టీమ్‌లు వరస ప్రకారం ఒక్కో పేరు పిలుస్తాయి, పిలిచిన కుర్రాడితో ఆ టీమ్ ఒక్కటే బేరమాడుతుంది.

మొదటి పది రౌండ్లలో ప్రతి పిక్‌కీ, అంటే పేరు పిలిచే ప్రతి వంతుకీ, లీగ్ ఒక ధర కడుతుంది. దాన్ని స్లాట్ అంటారు. ఒక టీమ్ చేతిలో ఉన్న పిక్‌ల స్లాట్లన్నీ కూడితే వచ్చేదే ఆ టీమ్ పూల్. 2012 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. అసలు కిటుకు ఏమిటంటే, ఆ మొత్తాన్ని ఎవరికెంత ఇవ్వాలన్నది టీమ్ ఇష్టం. మొదటి పిక్ దగ్గర మిగిల్చి నాలుగో రౌండ్‌లో గుమ్మరించొచ్చు.

పూల్ దాటి 5 శాతం వరకూ ఖర్చు పెట్టొచ్చు, దాటిన సొమ్ము మీద 75 శాతం పన్ను కట్టాలి. 5 శాతం కూడా దాటితే తర్వాతి డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ పిక్ పోతుంది. పన్ను కట్టడానికి సిద్ధపడిన టీమ్‌లు చాలానే ఉన్నాయి గానీ ఆ 5 శాతం గీత మాత్రం ఇంతవరకూ ఎవరూ దాటలేదు. అందుకే లెక్క వేసేటప్పుడు "పూల్ ప్లస్ 5 శాతం" అన్నదే అసలు పర్సు అనుకోండి.

ఇంకొక్క రూల్ గుర్తుంచుకోవాలి. పిలిచిన కుర్రాడు సంతకం పెట్టకపోతే ఆ పిక్ స్లాట్ డబ్బు పూల్‌లోంచి మాయమైపోతుంది. వేరేవాళ్లకి వాడుకోవడానికి ఉండదు. కాబట్టి ఏ టీమూ గుడ్డిగా పిలవదు. "ఎంతిస్తే వస్తాడు" అన్నది ముందే ఏజెంట్ ద్వారా కనుక్కుంటుంది.

ఒక ఉదాహరణ: 2022 టెక్సస్ రేంజర్స్

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువ కాబట్టి అర్లింగ్టన్ టీమ్‌నే తీసుకుంటాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

2021 చివర రేంజర్స్ కోరీ సీగర్‌నీ మార్కస్ సెమియన్‌నీ భారీ కాంట్రాక్టులిచ్చి తెచ్చుకున్నారు. అలాంటి ఫ్రీ ఏజెంట్లని (కాంట్రాక్టు ముగిసి ఏ టీమ్‌కైనా పోగలిగేవాళ్లని) తెచ్చుకుంటే డ్రాఫ్ట్ పిక్‌లు వదులుకోవాలి. దాంతో 2022లో వాళ్లకి రెండో రౌండూ లేదు, మూడో రౌండూ లేదు. మొత్తం మీద 3వ పిక్, ఆ తర్వాత ఏకంగా 109వ పిక్. మధ్యలో 105 మంది కుర్రాళ్లు వేరే టీమ్‌లకి పోతుంటే చూస్తూ కూర్చోవాలి.

వాళ్ల పూల్ సుమారు 96.4 లక్షల డాలర్లు. అందులో 3వ పిక్ స్లాట్ ఒక్కటే సుమారు 75.9 లక్షలు. 109వ పిక్ స్లాట్ 5.6 లక్షలు. మిగిలినదంతా ఐదు నుంచి పదో రౌండ్ వరకూ చిల్లర.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మీరే జనరల్ మేనేజర్ అయితే ఏం చేస్తారు? ఒక దారి, ఉన్న డబ్బంతా 3వ పిక్ మీద పెట్టి అత్యుత్తముణ్ణి తెచ్చుకోవడం. ఇంకో దారి, 3వ పిక్ దగ్గర కొంత తగ్గించి ఒప్పుకునేవాణ్ణి చూసుకుని, మిగిలిన సొమ్ముతో 109 దగ్గర మొదటి రౌండ్ స్థాయి కుర్రాణ్ణి పట్టడం.

వాళ్లు రెండోది చేశారు. 3వ పిక్‌లో కుమార్ రాకర్ పేరు పిలిచారు. పేరు చూసి మనవాడా అని చాలామంది అడుగుతారు. తల్లి వైపు అమ్మమ్మ, తాతయ్యలు భారతదేశం నుంచి వలస వెళ్లినవాళ్లే. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. కుమార్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) 2019లో డ్యూక్ యూనివర్సిటీ మీద నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) వేసి, 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ అతన్ని 10వ పిక్‌లో తీసుకుని, 60 లక్షల డాలర్లకి మాట అనుకుని, వైద్య పరీక్ష చూశాక చేతి సంగతి భయపడి వెనక్కి తగ్గారు. ఏడాది పాటు ఏ టీమూ లేకుండా ఉండి, 2022 వేసవిలో ఫ్రాంటియర్ లీగ్ అనే చిన్న ప్రొఫెషనల్ లీగ్‌లో కొద్ది ఆటలు ఆడాడు. అలాంటివాడు 3వ పిక్‌లో పోతాడని దాదాపు ఎవరూ ఊహించలేదు.

కానీ లెక్క వేసినవాడికి వాసన తగిలే అవకాశం ఉంది. ప్రతిభ మొదటి రౌండ్ స్థాయి. బేరమాడే బలం మాత్రం తక్కువ, ఒకసారి చేతిదాకా వచ్చిన 60 లక్షలు జారిపోయాయి కదా. రాకర్ 52 లక్షలకి సంతకం పెట్టాడు. స్లాట్ మీద సుమారు 24 లక్షలు మిగిలింది.

మొదటి రోజు ముగిసేసరికి బ్రాక్ పోర్టర్ అనే మిషిగన్ హైస్కూల్ పిచర్ ఇంకా మిగిలే ఉన్నాడు. స్కౌట్ల అంచనాల్లో మొదటి రౌండ్ వాడు, క్లెమ్సన్ యూనివర్సిటీకి మాటిచ్చి ఉన్నాడు. డ్రాఫ్ట్ రాత్రి మీరు పట్టుకోవాల్సిన సంకేతం ఇదే: మొదటి రౌండ్ హైస్కూల్ కుర్రాడు కారణం తెలియకుండా రెండో రోజుకి జారాడంటే, ఎవరి జేబులోనో అతనికోసం డబ్బు పక్కన పెట్టి ఉందని అనుమానించాలి. ఆ రోజు పూల్‌లో అంత మిగిల్చిన టీమ్ ఎవరని వెతికితే రేంజర్స్ కనిపిస్తారు. పైగా రాకర్, పోర్టర్ ఇద్దరి తరఫునా మాట్లాడింది ఏజెంట్ స్కాట్ బోరాసే. రెండో రోజు 109వ పిక్‌లో పోర్టర్ పేరు పిలిచారు, 37 లక్షలు ఇచ్చారు. నాలుగో రౌండ్‌లో అంతవరకూ ఎవరికీ అంత దక్కలేదు.

ఇప్పుడు తేడా తీయండి. పోర్టర్‌కి స్లాట్ కన్నా ఎక్కువిచ్చింది 31.4 లక్షలు. రాకర్ దగ్గర మిగిలింది 23.9. ఇంకా 7.5 కావాలి. పూల్ మీద 5 శాతం వెసులుబాటు మొత్తం వాడినా 4.8 వస్తుంది. మిగిలిన 2.7 లక్షలు తర్వాతి రౌండ్లలో పిసినారితనం చూపించి తేవాల్సిందే. అందుకే ఐదు నుంచి పది రౌండ్లలో కొన్ని టీమ్‌లు ఎవరూ పేరు వినని కాలేజీ సీనియర్లని వరసగా పిలుస్తాయి. అది స్కౌట్ల తెలివితక్కువతనం కాదు, చదువు అయిపోయి వెళ్లడానికి వేరే చోటు లేనివాడు చాలా తక్కువకి సంతకం పెడతాడు కాబట్టి.

రాకర్ 2024లో మేజర్ లీగ్ చేరాడు. పోర్టర్ మాత్రం మైనర్స్‌లో (మేజర్ లీగ్ కింది స్థాయి లీగ్‌లలో) బంతి మీద కంట్రోల్ లేక నానా అవస్థ పడ్డాడు. మన పని వాళ్లు పైకొస్తారా అని చెప్పడం కాదు, ఎవరు ఏ టీమ్‌కి పోతారన్నది. రెండూ కలపకండి.

ఎవరు ఎంత గట్టిగా అడగగలరు

ధర తెలియాలంటే కుర్రాడి చేతిలో ఇంకో దారి ఏముందో చూడాలి. హైస్కూల్ కుర్రాడు కాదనుకుంటే కాలేజీకి పోతాడు, నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడాది అయ్యాకో 21 ఏళ్లు నిండాకో మాత్రమే మళ్లీ డ్రాఫ్ట్‌కి వస్తాడు. కాబట్టి పెద్ద యూనివర్సిటీకి మాటిచ్చినవాడు గట్టిగా కూర్చుంటాడు. రెండు ఆటలు ఆడేవాడు మరీను. 2021లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకున్న బబ్బా చాండ్లర్ క్లెమ్సన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ కూడా ఆడాల్సినవాడు, 72వ పిక్‌లో 30 లక్షలు పట్టుకెళ్లాడు. మూడో ఏడాది కాలేజీ కుర్రాడికి ఇంకో ఏడాది ఆడతానని బెదిరించే వీలుంది గానీ, ఆ బెదిరింపుకి అంత పదును లేదు. సీనియర్‌కి అసలే లేదు.

పూల్ ఒక్కటే చూసి మోసపోకండి

2022 లెక్క బాగా వంటబట్టినవాళ్లు 2023లో బోల్తా పడ్డారు. ఎందుకంటే పరిస్థితి అచ్చం అదే. ఈసారి జేకబ్ డిగ్రోమ్, నేథన్ ఎవాల్డీ వచ్చారు, మళ్లీ రెండు, మూడు రౌండ్లు పోయాయి. చేతిలో 4వ పిక్, తర్వాత 108. మళ్లీ చవగ్గా ఒకణ్ణి తీసుకుని 108 దగ్గర గుమ్మరిస్తారని అనుకోవడం సహజమే.

అలా జరగలేదు. ఫ్లోరిడా యూనివర్సిటీ అవుట్‌ఫీల్డర్ వయట్ లాంగ్‌ఫర్డ్‌ని తీసుకుని, సుమారు 77 లక్షల స్లాట్‌కి 80 లక్షలు ఇచ్చారు. ఆ ఏడు పైన అయిదుగురు ఒక ఎత్తు, మిగతా వాళ్లంతా ఒక ఎత్తు: పాల్ స్కీన్స్, డిలన్ క్రూస్, లాంగ్‌ఫర్డ్, మ్యాక్స్ క్లార్క్, వాకర్ జెంకిన్స్. మొదటి ఇద్దరూ లూసియానా స్టేట్ యూనివర్సిటీ వాళ్లే, 1, 2 పిక్‌లలో పోయారు. మూడోది డెట్రాయిట్, హైస్కూల్ కుర్రాడు క్లార్క్‌ని తీసుకుంది. లాంగ్‌ఫర్డ్ నాలుగుకి జారాడు. అంతటివాడు దొరికినప్పుడు పొదుపు గురించి ఎవరు ఆలోచిస్తారు? 2024 సీజన్ మొదటి రోజే అతను రేంజర్స్ టీమ్‌లో ఉన్నాడు.

అంటే పూల్ లెక్క వేసే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: మన పిక్ దగ్గరికి వచ్చేసరికి మొదటి వరస అయిపోతుందా, ఇంకా ఒకడు మిగులుతాడా? మిగిలితే పూర్తి ధర. అయిపోతే, మిగిలినవాళ్లలో ఎవరైనా ఒకటే అన్నప్పుడు, బేరం.

టీమ్‌కి ఏ స్థానంలో మనిషి కావాలో చూసి ఊహించడం మాత్రం దండగ. ఇవాళ తీసుకున్నవాడు మామూలుగా మూడు నాలుగేళ్లకి గానీ పైకి రాడు. 2020లో రేంజర్స్ 14వ పిక్‌లో జస్టిన్ ఫాస్క్యూ అనే సెకండ్ బేస్‌మన్‌ని తీసుకున్నారు. ఏడాదిన్నర తిరక్కుండానే ఆ స్థానానికి ఏడేళ్ల కాంట్రాక్టుతో సెమియన్ వచ్చి కూర్చున్నాడు.

మాక్ డ్రాఫ్ట్‌లు చదివే పద్ధతి

మాక్ డ్రాఫ్ట్ అంటే ఏ టీమ్ ఎవర్ని తీసుకుంటుందో ముందే ఊహించి రాసే జాబితా. మార్చిలో వచ్చేవి సరదాకి చదువుకోండి. చివరి వారంలో వచ్చేవాటిని మాత్రం జాగ్రత్తగా చూడండి, అందులోనూ పేర్ల కన్నా "ఫలానా టీమ్ స్లాట్ కన్నా తక్కువకి బేరం చూస్తోంది" అనే చిన్న వాక్యాన్ని. ఆ వాక్యం ఏజెంటు చెప్పించిందా, టీమ్ వదిలిందా అన్నది ఎప్పుడూ అనుమానమే. ఒక కుర్రాడి పేరు రెండు మూడు టీమ్‌ల పక్కన హఠాత్తుగా కనిపిస్తే, ధర పెంచడానికి ఎవరో తిప్పుతున్నారని నేను అనుకుంటాను.

2012లో మొదటి పిక్ హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ది. స్టాన్‌ఫర్డ్ పిచర్ మార్క్ ఆపెల్ ఖాయమని చాలామంది రాశారు. ఆస్ట్రోస్ ప్యూర్టో రికో నుంచి కార్లోస్ కొరియాని పిలిచారు. స్లాట్ 72 లక్షలు, ఇచ్చింది 48. మిగిలిన 24 లక్షల అండతో 41వ పిక్‌లో లాన్స్ మెకల్లర్స్ జూనియర్‌కి 25 లక్షలు, నాలుగో రౌండ్‌లో రియో రూయిజ్‌కి 18.5 లక్షలు. ఆపెల్ 8వ పిక్ దాకా జారి, పైరేట్స్ ఇస్తామన్న 38 లక్షలు కాదని స్టాన్‌ఫర్డ్‌కి తిరిగి వెళ్లాడు. మరుసటి ఏడు అదే ఆస్ట్రోస్ అతన్ని మొదటి పిక్‌లో తీసుకున్నారు. ఆ తర్వాతి పిక్‌లో క్రిస్ బ్రయంట్, ఆనక పెద్ద స్టార్ అయినవాడు, షికాగో కబ్స్‌కి పోయాడు. ఆస్ట్రోస్ అభిమాని ముందు ఈ మాట ఎత్తకపోవడం మంచిది.

అభ్యాసం

2021లో మొదటి పిక్ పైరేట్స్‌ది. స్లాట్ 84 లక్షల చిల్లర, క్యాచర్ హెన్రీ డేవిస్‌కి ఇచ్చింది 65 లక్షలు. తర్వాత 37వ పిక్‌లో ఆంథనీ సోలొమెటో, 64లో లానీ వైట్ జూనియర్, 72లో చాండ్లర్, ముగ్గురూ హైస్కూల్ వాళ్లే. ఆ మూడు పిక్‌ల స్లాట్లు వెతికి పట్టుకుని, డేవిస్ దగ్గర మిగిలిన సొమ్ము ఎవరికెంత చేరిందో పట్టిక వేయండి. సరిపోకపోతే తక్కువ పడింది ఏ రౌండ్లలోంచి తెచ్చారో చూడండి.

తర్వాత మీ టీమ్‌కి రాబోయే డ్రాఫ్ట్‌లో ఎన్ని పిక్‌లున్నాయో, ఏవి పోయాయో ఒక కాగితం మీద రాసుకోండి. పేర్లు ఇప్పుడే వద్దు, "హైస్కూల్, స్లాట్ కన్నా ఎక్కువ" అనో "కాలేజీ, స్లాట్ కన్నా తక్కువ" అనో ప్రతి పిక్ పక్కనా రాస్తే చాలు. ఐదో పాఠంలో పిచర్ల వైద్య రిపోర్టుల గురించి, డ్రాఫ్ట్ వారంలో వాళ్ల స్థానాలు ఎందుకు అటూ ఇటూ అవుతాయో చూద్దాం.