కువైట్‌లో రూమ్ దొరికిందా? ముందు మెట్లూ తలుపులూ చూసుకోండి

కోనసీమ నుంచి, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి కొత్తగా వచ్చే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ అకామా (ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి) గురించి, డబ్బు పంపడం గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. ఉండే బిల్డింగ్ గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

మన వైపు ఎండాకాలంలో తాటాకు పాక అంటుకుంటే పొగ కప్పులోంచి పైకి పోతుంది, జనం వాకిట్లోకి వచ్చేస్తారు, కాలవ నుంచి బిందెలతో నీళ్ళు తెస్తారు. 1995లో కోనసీమలో పాశర్లపూడి గ్యాస్ బావి పేలి (బ్లోఅవుట్) 65 రోజులు మండినా అది ఆరుబయటి మంట. అందుకే మనకి మంటంటేనే భయం. కాంక్రీటు బిల్డింగ్‌లో మంట కంటే ముందు పొగ వచ్చేస్తుంది. పోవడానికి దారి లేక సీలింగ్ కింద పేరుకుంటుంది, అక్కడి నుంచి కిందికి దిగుతుంది. నిలబడ్డ మనిషి ముఖం దగ్గర ఊపిరాడకపోయినా నేల దగ్గర ఇంకా కాస్త గాలి ఉంటుంది. అందుకే పాకుతూ వెళ్ళమంటారు.

2024 జూన్ 12 తెల్లవారుజామున ఇక్కడి మంగఫ్‌లో కార్మికులుండే బిల్డింగ్‌లో మంట కింది అంతస్తులో మొదలైంది. సుమారు 50 మంది పోయారు. ఎక్కువమంది మన దేశంవాళ్ళే, వాళ్ళలో ఆంధ్రావాళ్ళూ ఉన్నారు. చాలామంది ప్రాణం తీసింది పొగే. కింద తలుపు తెరిచి ఉంటే మెట్లదారి రైస్ మిల్లు గొట్టంలా పొగని పై అంతస్తులకి లాగేస్తుంది. లిఫ్ట్ సంగతి అసలు తలపెట్టొద్దు.

వాసనకి మెలకువ వస్తుందిలే అనుకోకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే లేదు, నిద్రలోనే స్పృహ పోతుంది. ఫోమ్ పరుపులు కాలితే సైనైడ్ విషవాయువు కూడా వస్తుంది. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటే మసి కొంత ఆగుతుందేమో గానీ ఈ వాయువులు ఆగవు. రూమ్‌లో స్మోక్ అలారం లేకపోతే అందరూ తలా కొంచెం వేసుకుని కొనుక్కోండి.

నేను అన్నిటికంటే నమ్మేది మూసిన తలుపుని. రాత్రి అరుపులు వినబడగానే తలుపు తీసెయ్యకండి. చేతి వెనకవైపుతో తలుపు పైభాగం, పిడి తాకి చూడండి. వేడిగా ఉంటే తియ్యొద్దు. తువ్వాళ్ళు, లుంగీలు తడిపి తలుపు కింద సందులో కుక్కి, కిటికీ దగ్గరకి వెళ్ళి ఫోన్ లైటు ఊపండి. చల్లగా ఉండి, మెట్ల మీద పొగ లేకపోతేనే బయటికి రండి, వస్తూ తలుపు వెనకాల మూసెయ్యండి. తెరిచి వదిలేస్తే మంటకి గాలి, పొగకి దారి రెండూ దొరుకుతాయి.

మొదటిరోజే మంచం నుంచి మెట్లదాకా ఎన్ని తలుపులో లెక్కపెట్టుకోండి, చీకట్లో తడుముకుంటూ వెళ్ళగలగాలి. టెర్రస్‌కి తాళం ఉందేమో చూడండి. ఇంటిపనికి వచ్చిన చెల్లెళ్ళు రాత్రిపూట వీధితలుపు తాళం ఎక్కడ పెడతారో మేడమ్‌ని అడగండి, మొహమాటపడొద్దు. వంటింట్లో నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకుండా స్టవ్ కట్టేసి మూత పెట్టండి.

ఫైర్‌కైనా, అంబులెన్స్‌కైనా 112కి ఫోన్ చెయ్యాలి. ఏరియా, బ్లాక్, స్ట్రీట్, బిల్డింగ్ నంబర్, ఎన్నో అంతస్తు అని అడుగుతారు. కంగారులో అవి గుర్తురావు, ఇవాళే కాగితం మీద రాసి మంచం పక్క గోడకి అంటించుకోండి.