ఓడల గ్రీన్ ఫ్యూయల్ షేర్లు కొనే ముందు నేను ఏం చూస్తానంటే

కర్నూలుకీ సముద్రానికీ సంబంధం ఏంది అనకండి, ఈ మధ్య సి.క్యాంపు సెంటర్లో టీ తాగుతున్నా గ్రీన్ అమ్మోనియా షేర్ల మాటే వినపడతాంది. సోలార్, గాలి కరెంట్‌తో నీళ్ల నుంచి తీసేది గ్రీన్ హైడ్రోజన్, దాంతో చేసే అమ్మోనియా, మిథనాల్‌ని ఓడల్లో ఆయిల్ బదులు వాడాలని చూస్తున్నారు. నేను కూడా ఒకసారి ఎవరో చెప్పినారని గ్రీన్ హైడ్రోజన్ పేరు చూసి ఒక షేర్ కొని సగం డబ్బులు పోగొట్టుకున్నా, అందుకే ఇప్పుడు నా లెక్క ఇట్ల ఉంటాది.

ముందు రూల్ అమల్లో ఉందా లేదా చూస్తా. యూరప్‌లో ఉంది. అక్కడి పోర్టులకు వచ్చే పెద్ద ఓడలు 2024 నుంచి కార్బన్ పర్మిట్లు (పొగ వదిలినందుకు డబ్బు పెట్టి కొనే అనుమతులు) కొనాల, 2024 పొగకు 40 శాతం, 2025కి 70, 2026 నుంచి మొత్తానికీ. దానికి తోడు ఫ్యూయల్‌ఈయూ అని ఇంకోటి, ఇంధనంలో కర్బన తీవ్రత, అంటే ఒక్కో యూనిట్ శక్తికి వచ్చే పొగ, 2025లో 2 శాతం, 2030కి 6, 2050కి 80 శాతం తగ్గాల. ప్రపంచమంతటికీ ఐఎంఓ (ఓడల రూల్స్ చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ) తెస్తామన్న ఇట్లాంటి రూల్‌కి 2025 ఏప్రిల్‌లో ఓకే అన్నారు, అక్టోబర్‌లో ఓటింగ్ ఏడాది వాయిదా వేసుకున్నారు. అంటే యూరప్‌ది పడిన వాన, ఐఎంఓది మబ్బు. మబ్బు చూసి అప్పు చేసి శెనక్కాయ విత్తనాలు కొన్నోళ్ల కథ మన అనంతపురం వాళ్లకి ఒకరు చెప్పాల్నా?

తర్వాత రేటు, ఇక్కడే చానామంది బోల్తా పడతారు. టన్ను రేటు చూడొద్దు. టన్ను మామూలు ఓడ ఆయిల్‌లో దగ్గర దగ్గర 40 గిగాజౌల్స్ శక్తి ఉంటే మిథనాల్‌లో 20, అమ్మోనియాలో ఇంకొంచెం తక్కువే. కాబట్టి మిథనాల్ టన్ను 600 డాలర్లు అనుకోండి, ఆయిల్‌తో పోల్చాలంటే 1,200 అని చదువుకోవాల, ట్యాంకు కూడా రెండింతలకు పైనే కావాల. పైగా గ్యాస్ నుంచి తీసిన మిథనాల్‌కి ఫ్యూయల్‌ఈయూ లెక్కలో లాభమేం లేదు, ఎందుకంటే వాళ్లు తయారీ పొగ కూడా కలుపుతారు. ఎల్ఎన్‌జీ (చల్లబరిచి ద్రవం చేసిన సహజవాయువు) అయితే ఇంజన్‌లో కాలకుండా తప్పించుకునే మీథేన్‌ని కూడా వదలరు. అమ్మోనియా విషం, లీకైతే ప్రాణాలకే ముప్పు, అది వేరే.

కొనేవాడు ఎవరు అన్నది ఇంకా ముఖ్యం. డెన్మార్క్ కంపెనీ ఓర్‌స్టెడ్ స్వీడన్‌లో ఏడాదికి 50 వేల టన్నుల ఈ-మిథనాల్ (గ్రీన్ హైడ్రోజన్‌తో చేసే మిథనాల్) ప్లాంటు కట్టడం మొదలుపెట్టి 2024 ఆగస్టులో ఆపేసింది, గిట్టుబాటు రేటుకి ఏళ్ల తరబడి కొంటామని సంతకం పెట్టేవాళ్లు దొరకలేదు మరి.

చివరగా కరెంట్. గ్రీన్ హైడ్రోజన్ ఖర్చులో పెద్ద వాటా దానిదే. మన ఓర్వకల్లు దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది సరే, రాత్రి పూట ఏం చేస్తారు? పిన్నాపురంలో పగలు నీళ్లు పైకి తోడి రాత్రి కిందకు వదిలి కరెంట్ తీసే ప్రాజెక్టు కట్టింది అందుకే. కాబట్టి కంపెనీ యాన్యువల్ రిపోర్ట్ తీసి రాత్రి కరెంట్ యాడ నుంచి, సరుకు ఎవరికి, ఎన్నేళ్లకి, ఏ రేటుకి అని వెతుకుతా, అక్కడ ఒట్టి ఎంఓయూ (కచ్చితంగా కొనాలన్న కట్టుబాటు లేని అవగాహన పత్రం) అని మాత్రమే రాసుంటే ఆ ఫైల్ అక్కడే మూసేస్తా.