లదాఖ్‌కి బైక్ పంపుతున్నారా? రైలెక్కించే ముందే చూసుకోండి

జూన్ దగ్గర పడుతోందంటే మన బైకర్లకి లదాఖ్ మీదే ధ్యాస. హైదరాబాద్ నుంచి లేహ్ పోయి రావాలంటే 5 వేల కిలోమీటర్ల పైమాటే. అందులో చాలా భాగం నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా మండుటెండలో హైవే. ఆ దూరం బండిని రైల్లో పంపేస్తే నడుమూ సెలవులూ రెండూ మిగులుతాయి. డబ్బు కూడా మిగలాలంటే మాత్రం కొంచెం లెక్క చూసుకోవాలి.

ముందు తేల్చుకోవాల్సింది, బండిని ఎక్కడిదాకా పంపాలన్నది. లేహ్‌కి రైలు లేదు. ఇంటి దగ్గర ఎత్తి లేహ్‌లో దించుతామనే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లుంటారు. కానీ దారిలో ఏదో గోడౌన్‌లో బండి వేరే లారీకి మారితే, గీత ఎక్కడ పడిందో, జవాబు ఎవరు చెప్పాలో తేలదు. పైగా జూలై, ఆగస్టుల్లో కొండచరియలు పడితే లారీ ఎక్కడిదక్కడే. 2023 జూలైలో బియాస్ నది వరదకి మనాలీ రోడ్డు ఎలా కొట్టుకుపోయిందో చూశాం కదా. నన్నడిగితే చండీగఢ్ గానీ జమ్మూ గానీ చాలు. ఆ పై దారి కోసమేగా ఇంత ప్రయాస! మొదటిసారి వెళ్లేవాళ్లకి జమ్మూ, శ్రీనగర్, జోజిలా కనుమ దారే మేలు. ఎత్తు మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఒంటికి అలవాటవుతుంది.

రైల్లో పంపడానికి రెండు పద్ధతులు. టికెట్ ఉంటే లగేజీగా బుక్ చేయొచ్చు, టికెట్ లేకపోయినా పార్సిల్‌గా పంపొచ్చు. పార్సిల్ చవక. లగేజీ అయినంత మాత్రాన బండి మీ రైల్లోనే వస్తుందన్న పూచీ లేదు. లగేజీ పెట్టెలో జాగా లేకపోతే తర్వాతి రైలే. అందుకని అక్కడ దిగిన మర్నాడే కొండెక్కేలా ప్లాన్ చేసుకోవద్దు, రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. అలాగని మరీ ముందు పంపినా చిక్కే. బండి చేరాక కొన్ని గంటలే ఉచితం, ఆ తర్వాత వార్ఫేజ్, అంటే బండి తీసుకెళ్లకుండా స్టేషన్‌లో ఉంచినందుకు చార్జీ, పడుతూనే ఉంటుంది. పార్సిల్‌లో మిగిలింది అక్కడ పోతుంది.

వీలైనంతవరకు రైలు బయల్దేరే స్టేషన్‌లో ఎక్కించి, ఆఖరి స్టేషన్‌లో దించుకోండి. అండమాన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగా జమ్మూ వెళ్తుంది, నిజమే. కానీ చెన్నైలోనే పెట్టె నిండిపోతే మీ బండి మన ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది. రెండు నిమిషాలు ఆగే స్టేషన్ల సంగతి అసలు మర్చిపోండి. సికింద్రాబాద్ స్టేషన్ పనుల వల్ల కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి కాబట్టి మీ రైలు ఎక్కడ బయల్దేరుతుందో ముందే కనుక్కోండి.

ట్యాంకులో పెట్రోలు చుక్క ఉండకూడదు. రిజర్వ్‌లో ఉంది, పర్లేదు అంటే కుదరదు, అది నేరం. పార్సిల్ ఆఫీసు బయట ప్యాకింగ్ చేసేవాళ్లే పైపు పెట్టి లాగేస్తారు. ఆ పెట్రోలు సాధారణంగా వాళ్లకే పోతుంది కాబట్టి బేరంలో దాన్నీ కలపండి. అద్దాలు విప్పి మీ బ్యాగులో వేసుకోండి. ట్యాంకుకి, హెడ్‌లైట్‌కి ముందు అట్టముక్క, దానిమీద గోనెసంచి వేయించి సుతిలి తాడుతో బిగించమనండి. క్లచ్, బ్రేక్ లీవర్లు, ఇండికేటర్లు వదిలేస్తారు, దగ్గరుండి చుట్టించండి. హ్యాండిల్ లాక్ తీసి, న్యూట్రల్‌లో ఉంచాలి. లాక్ వేసి ఉంటే హమాలీలు ఈడ్చేస్తారు. మీ పేరు, ఫోన్ నంబరు, చేరాల్సిన స్టేషన్ రెండు వైపులా పెద్దక్షరాలతో రాయండి. బండికి హెల్మెట్, బ్యాగులు కట్టి పంపొద్దు.

బుకింగ్ ఫారంలో విలువ రాసే గడి దగ్గర అందరూ తొందరపడతారు. విలువ ప్రకటించి అదనపు చార్జీ కట్టకపోతే, పార్సిల్ పోయినా పాడైనా రైల్వే బాధ్యత కిలోకి 50 రూపాయలే. అంటే 200 కిలోల బండికి 10 వేలు! రెండు లక్షల బండికి ఆ చార్జీ దగ్గర పిసినారితనం పనికిరాదు.

ఆర్సీ, ఇన్సూరెన్స్, ఆధార్ కాపీలు రెండేసి సెట్లు పెట్టుకోండి. ఆర్సీ నాన్నగారి పేరు మీదో, అన్నయ్య పేరు మీదో ఉంటే వాళ్ల సంతకంతో ఒక లెటర్ తీసుకెళ్లండి. లదాఖ్‌లో బయటి అద్దె బైకులని స్థానిక యూనియన్ల వాళ్లు అడ్డుకుంటారు. బండి మీ ఇంటిదేనని చూపించాల్సి వస్తుంది.

జమ్మూలో దిగగానే చాలామందికి తగిలే దెబ్బ ఫోన్. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్, లదాఖ్‌లలో పనిచేయవు. బండి వచ్చిందని పార్సిల్ ఆఫీసు ఫోన్ చేసినా మీకు తెలియదు, అక్కడ వార్ఫేజ్ మాత్రం పెరుగుతుంది. గ్రూపులో కనీసం ఇద్దరికి పోస్ట్‌పెయిడ్ ఉండాలి, రసీదు మీద ఆ నంబరే రాయించండి.

లారీయే నయమనుకుంటే ఫోన్లో చెప్పిన రేటుకి అడ్వాన్స్ వేయకండి. పేరున్న కంపెనీల పేర్లకి ఒక అక్షరం మార్చి తిరిగేవాళ్లున్నారు. తక్కువ చెప్పి, బండి చేతికి చిక్కాక టోల్ అనీ ట్యాక్స్ అనీ లాగుతారు. ఆఫీసుకి వెళ్లి చూడండి. ఎల్ఆర్ (లారీ వాళ్లిచ్చే రసీదు) కాపీ మీద బండి నంబరు, మొత్తం చార్జీ, ఇన్సూరెన్స్ ఉన్నదీ లేనిదీ రాయించుకోండి.

ఎలా పంపినా, ఇచ్చేముందు ఓడోమీటరుతో సహా నాలుగు వైపులా ఫోటోలు తీయండి. అక్కడ గోనె విప్పి చూడకుండా సంతకం పెట్టకండి. ఏదైనా విరిగితే డెలివరీ పుస్తకంలో అప్పుడే రాయించాలి. రైల్వే నుంచి పరిహారం కావాలంటే బుక్ చేసిన రోజు నుంచి 6 నెలల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. రైల్లో వచ్చిన బండి ట్యాంకు ఖాళీ కాబట్టి స్టేషన్ నుంచి పెట్రోల్ బంక్ దాకా నెట్టుకుంటూ పోవాల్సిందే, కొన్ని బంకుల్లో సీసాలో పోయరు.