సెటిల్‌మెంట్‌కి బ్యాంకు మెట్లెక్కే ముందు

ఈఎంఐలు ఆగిపోయాయా? సెటిల్‌మెంట్ అంటే బాకీలో కొంత తగ్గించి అప్పు ముగించేలా బ్యాంకుతో కుదుర్చుకునే ఒప్పందం. దానికోసం హైదరాబాద్‌లో బ్యాంకుకి వెళ్లే ముందు ఇవి చూసుకోండి.

– లోన్ స్టేట్‌మెంట్, నోటీసులు, ఉద్యోగం పోయిందనో జబ్బు చేసిందనో చూపే కాగితాలు ఒకే ఫైల్లో పెట్టుకోండి.

– ఇల్లు తాకట్టులో ఉంటే నోటీసు తేదీయే ముఖ్యం. తాకట్టు ఆస్తిని కోర్టుకెళ్లకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం కట్టడానికి 60 రోజుల గడువివ్వాలి. మీరు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనానికి దిగితే 45 రోజుల్లోపు నగరంలోని డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కి (బ్యాంకు అప్పుల కేసులు చూసే న్యాయస్థానం) వెళ్లొచ్చు. భయపడి కవరు విప్పకుండా బీరువాలో పడేస్తే ఈ గడువులన్నీ చేజారిపోతాయి.

– రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే టైముతో సహా రాసుకోండి. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పలక్కపోతే బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి.

– ‘జైల్లో వేయిస్తాం’ అంటే టెన్షన్ పడొద్దు. చేతిలో లేక అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. చెక్కు బౌన్స్ మాత్రం వేరే సంగతి, అది కేసే.

– వకీలుని పెట్టుకునే స్తోమత లేదా? ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయండి.

– నోటిమాట నమ్మి పైసా కట్టొద్దు. సెటిల్‌మెంట్ లెటర్ చేతికొచ్చాకే చెల్లింపు.